పింఛను ఆరు వేలు, జీతం పదమూడున్నర వేలు: ఉద్యోగంలో చేరాలా వద్దా?

తెనాలి_బాబు
నాకు 27 ఏళ్ళు. చిన్నప్పుడు లారీ తగిలి ఎడమ కాలు చచ్చుబడింది. సదరంలో, అంటే ప్రభుత్వ వైకల్య పరీక్షలో, 65 శాతం, పర్మనెంట్ అని రాశారు. చంకకర్రతో నడుస్తాను. బీకాం పూర్తయింది. వికలాంగుల పింఛను మొదట్లో మూడు వేలు, 2024 జూలై నుంచి ఆరు వేలు వస్తోంది. ఇంట్లో అమ్మ, నేను. అమ్మ జాకెట్లు కుడుతుంది.
ఇప్పుడు విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో ఉద్యోగం వచ్చింది. చేతికి 13,500. పదిహేను రోజుల్లో చేరమన్నారు. అమ్మ ససేమిరా వద్దంటోంది. "ఒకటో తారీఖు తెల్లారేసరికి గుమ్మంలోకి వచ్చే డబ్బు కాదనుకుని, ఎప్పుడు పొమ్మంటారో తెలీని చోటికి పోతావా" అంటుంది. నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు.
అడిగేవి రెండే. చేరితే పింఛను ఆగిపోతుందా? ఆగాక ఆ ఉద్యోగం కూడా పోతే పింఛను మళ్ళీ వస్తుందా?

కొల్లేటి_కొంగ
చేరిపో బ్రదర్. ప్రైవేటు ఉద్యోగం ఎవరు చూస్తారు? మా వీధిలో ఇద్దరు చేస్తున్నారు, పింఛనూ వస్తోంది.

వార్డు_వనజ
పైన కొంగ గారు చెప్పింది నమ్మొద్దు. నేను వార్డు సచివాలయంలో పనిచేస్తాను కాబట్టి తెలిసింది చెప్తాను.
రూలు ప్రకారం కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. అది నీ ఒక్కడి ఆదాయం కాదు బాబూ, ఇంటిల్లిపాదిదీ. అంటే నీ జీతం ఒక్కటే గీత దాటేస్తుంది, అమ్మ కుట్టుపని సంగతి తర్వాత. ఇది కాక ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, రిటైరై ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవాళ్ళు గానీ ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకి మాత్రం మినహాయింపు ఉంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు ఉండకూడదు. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు. ఆటో, టాక్సీ, ట్రాక్టర్ అయితే ఫర్వాలేదు. భూమి, కరెంటు యూనిట్లు కూడా చూస్తారు. మేము సిక్స్ స్టెప్ అనేది దీన్నే.
ప్రభుత్వ జీతమైతే కంప్యూటర్‌లో వెంటనే తగులుతుంది. ప్రైవేటు జీతం అంత త్వరగా తగలకపోవచ్చు. తగలనంత మాత్రాన అర్హత ఉన్నట్టు కాదు.

కరెంటు_కృష్ణ
మూడు వందల యూనిట్లు దాటకూడదని మా నాన్న ఎండాకాలంలో కూడా ఫ్యాను రెండు మీదే పెడతాడు అక్కా. పింఛను మా తాతది, చెమటలు మాత్రం అందరివీ.

తెనాలి_బాబు
వనజ అక్కా, అంటే చేరితే ఆగినట్టే కదా. మరి రెండో ప్రశ్న?

వార్డు_వనజ
ఉద్యోగం పోయాక మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒకసారి మానేశావు కాబట్టి ఇక ఇవ్వం అనే రూలేమీ లేదు. కానీ దరఖాస్తు పెట్టిన మర్నాడే మంజూరు కాదు. కొత్తవి ఎప్పుడు తీసుకుంటారో, ఎప్పుడు మంజూరు చేస్తారో నీ చేతిలో గానీ నా చేతిలో గానీ లేదు. నెలలు పట్టొచ్చు. మీ అమ్మగారి భయం అదే అయితే, ఆవిడ భయంలో న్యాయం ఉంది.

లెక్కల_మాస్టారు
ఎవరూ లెక్క వేయలేదు, నేను వేస్తాను. జీతం 13,500. పోయే పింఛను 6,000. మిగిలేది 7,500. తెనాలి నుంచి విజయవాడ రోజూ రానుపోను, స్టేషన్ నుంచి ఆసుపత్రికి ఆటో. కర్రతో సిటీ బస్సు ఎక్కడం అందరికీ కుదరదు. ఆటోలకే నెలకు తక్కువలో తక్కువ రెండున్నర వేలు వేసుకో. మధ్యాహ్నం భోజనం బయటైతే ఇంకో వెయ్యి. అంటే 26 రోజులు పనిచేస్తే ఇంటికి అదనంగా వచ్చేది నాలుగు వేలు. ఈ లెక్క చూసుకుని నిర్ణయం తీసుకో.

పోలియో_ప్రసాదు
మాస్టారు గారూ, మీ లెక్కలో తప్పు లేదు. 2015లో నేనూ సరిగ్గా ఇదే లెక్క వేశాను. అందుకే చెప్తున్నాను.
అప్పటికి కొద్ది నెలల క్రితమే, 2014 అక్టోబరులో, పింఛను వెయ్యి చేశారు. 80 శాతం దాటినవాళ్ళకి పదిహేను వందలు. నాకు వెయ్యి వచ్చేది. ఒక ఎరువుల డీలరు దగ్గర అకౌంట్స్ రాయడానికి ఎనిమిది వేలకు పిలిచారు. పక్క ఊరు. రానుపోను ఖర్చులు, పోయే పింఛను అన్నీ తీసేసి, ఎందుకులే అని ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు నాకు 41. పింఛను ఆరు వేలైంది, నిజమే. కానీ ఆ రోజు నాతో పాటు పిలిచిన అబ్బాయికి ఇవాళ ముప్పై రెండు వేలు జీతం. నేను ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా అడిగే మొదటి ప్రశ్న "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" పదకొండేళ్ళు ఏం చేశావంటే చెప్పడానికి నా దగ్గర మాట లేదు.
మొదటి నెల లెక్క వేస్తే ఎప్పుడూ పింఛనే గెలుస్తుంది తమ్ముడూ. ఐదేళ్ళ లెక్క వేసుకో.

లెక్కల_మాస్టారు
ప్రసాదు గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను నెల లెక్కే చూశాను.

ఒంగోలు_రవితేజ
నాదో సందేహం, ఎవరూ కోప్పడకండి. పనిచేయగలిగినవాళ్ళకి పింఛను ఎందుకు ఇవ్వాలి? ఆ డబ్బు ఏ పనీ చేయలేనివాళ్ళకి పోవాలి కదా?

సైడువీల్_సుజాత
కోప్పడను, చెప్తాను. నేను పనిచేస్తాను. నాతో పాటు అదే పని చేసే అమ్మాయి నడిచి వస్తుంది, నేను సైడు వీల్స్ బండి మీద వస్తాను. ఆ చక్రాలు బిగించడానికి నా రెండు నెలల జీతం పోయింది. వానొస్తే ఆమె గొడుగు వేసుకుంటుంది, నేను ఆటో ఎక్కాలి. ఆమె మూడో అంతస్తులో ఇల్లు తీసుకుంది. నాకు కింది అంతస్తే కావాలి, అద్దె ఎక్కువ. జీతం ఇద్దరికీ ఒకటే, బతకడానికి అయ్యే ఖర్చు ఒకటి కాదు. పింఛను పని చేయనందుకు ఇచ్చేది అనుకోబట్టే ఈ చిక్కంతా. ఆ తేడా పూడ్చడానికి అనుకుంటే, పనిచేసినా కొంతైనా ఇవ్వాలనే మీరే అంటారు.

ఒంగోలు_రవితేజ
ఈ కోణం నాకు తట్టలేదు అక్కా. థాంక్స్.

మంచంమీద_మధు
నా సంగతి ఇంకోలా ఉంది. వెన్నుపాము దెబ్బతింది, నడుం కింద స్పర్శ లేదు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకిచ్చే 15,000 వస్తుంది. రెండేళ్ళుగా ఇంట్లోంచే వీడియోలకి తెలుగు సబ్‌టైటిల్స్ టైప్ చేస్తున్నాను. ఒక నెల నాలుగు వేలు, ఒక నెల తొమ్మిది వేలు, ఒక్కో నెల ఏమీ ఉండదు.
2025 మొదట్లో పింఛన్ల తనిఖీకి డాక్టర్లు ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ గబగబా ల్యాప్‌టాప్ తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. వాళ్ళు ఏమీ అనలేదు, మర్యాదగానే చూసి వెళ్ళారు. కానీ ఆ రాత్రంతా నాకు అదే గుర్తొచ్చింది. దొంగసొత్తు దాచినట్టు నా పనిని దాచింది అమ్మ. అది నేను నా కష్టంతో నేర్చుకున్న పని. పని చేస్తున్నాడంటే మంచం మీద లేడని రాసేస్తారేమో అని ఆమె భయం. డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అలా రాస్తారా?

ఎముకల_డాక్టర్
మధు గారూ, రాయకూడదు. వైకల్య శాతానికి, ఉద్యోగానికి సంబంధం లేదు. చేతులూ కాళ్ళ వైకల్యంలో మేము చూసేవి కీలు ఎంత వంగుతోంది, కండరాలకు బలం ఎంత, నిలబడితే నిలకడ ఎంత, ఇలాంటివి. వెన్నుపాము దెబ్బ అయితే ఎక్కడి నుంచి ఎంత మేరకు నరాలు పనిచేయట్లేదో చూస్తాం. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎక్కడా "ఉద్యోగం చేస్తున్నాడా" అనే గడి లేదు. మీరు వేళ్ళతో టైప్ చేస్తే కాళ్ళలోకి స్పర్శ రాదు.
పింఛనుకు ఆదాయ పరిమితి వేరే విషయం, అది మా చేతిలో లేదు. ఈ రెంటినీ జనం కలిపేసుకుని భయపడుతున్నారు. ఉద్యోగంలో చేరితే సదరం సర్టిఫికెట్ రద్దవుతుందా అని నన్ను వారానికి ఇద్దరైనా అడుగుతారు. కాదు. బాబు గారి 65 శాతం ఉద్యోగంలో చేరినా 65 శాతమే.

మంచంమీద_మధు
ఈ ముక్క మా అమ్మకి చదివి వినిపించాను సార్. ల్యాప్‌టాప్ మళ్ళీ బల్ల మీదికి వచ్చింది.

హనుమకొండ_అన్న
మాకు తెలంగాణలో 2023 జూలై నుంచి 4,016. అంతకుముందు 3,016. ఆరు వేలు చేస్తామన్న మాట కోసం చూస్తున్నాం. బాబూ, ఇంకో విషయం. హైదరాబాద్‌లో కేంద్ర కార్మిక శాఖ వాళ్ళది వికలాంగుల కోసమే జాతీయ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది. అక్కడ పేరు రాయించుకో. ఈ ఉద్యోగం నచ్చకపోతే ఇంకోటి వెతుక్కునే దారి ఉండాలి.

డల్లాస్_దుర్గ
మా తమ్ముడికి ఇక్కడ అమెరికాలో సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ వస్తుంది. వాడు ఉద్యోగంలో చేరేటప్పుడు మేమూ ఇలాగే వణికిపోయాం. తీరా చూస్తే ఇక్కడ "ట్రయల్ వర్క్" అని తొమ్మిది నెలలు ఇస్తారు. ఆ తొమ్మిది నెలలు ఎంత సంపాదించినా బెనిఫిట్ మొత్తం వస్తుంది. ఆ తర్వాత 36 నెలల పాటు, జీతం పరిమితి దాటిన నెలలో ఆపుతారు, తగ్గిన నెలలో మళ్ళీ ఇస్తారు. 2025లో ఆ పరిమితి నెలకు 1,620 డాలర్లు, చూపు లేనివాళ్ళకి ఇంకా ఎక్కువ. పూర్తిగా ఆగిపోయాక కూడా, అదే జబ్బు వల్ల ఐదేళ్ళ లోపు పని మానేయాల్సి వస్తే మొదటి నుంచి దరఖాస్తు పెట్టక్కర్లేదు, పాతదాన్నే తిరిగి తెరవమని అడగొచ్చు.
మా తమ్ముడు ధైర్యంగా చేరింది డబ్బు లెక్క చూసి కాదు. వెనక్కి రావడానికి తలుపు తీసి ఉందని తెలిసి.

పోలియో_ప్రసాదు
దుర్గమ్మా, అసలు మాట నువ్వు చెప్పావు. ఆరు వేలు పోతాయని ఎవరూ ఏడవరు. పోయింది మళ్ళీ రాదేమోనన్నదే భయం. ఉద్యోగం పోయిన నెల నుంచే పాత పింఛను మళ్ళీ మొదలవుతుందని ఒక్క ముక్క రాసిస్తే, మా మండలంలోనే ఎంతమంది రేపు పొద్దున్నే పనికి బయల్దేరతారో.

సైడువీల్_సుజాత
ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సోమవారం కలెక్టరేట్‌లో ఈ మాటే అర్జీగా రాసిద్దాం. ఊరికే ఇక్కడ చెప్పుకుంటే ఏం లాభం? మీ జిల్లాలో మీరివ్వండి, మా జిల్లాలో నేనిస్తాను.

పోలియో_ప్రసాదు
ఇస్తానమ్మా. వచ్చే సోమవారమే.

కొల్లేటి_కొంగ
ఇంత కష్టపడే బదులు చెప్పకుండా తీసుకుంటే పోలేదా? ఆరు వేలతో ప్రభుత్వం మునిగిపోతుందా?

బుట్టల_భాస్కర్
అన్నా, నేను అలా తీసుకున్నవాణ్ణే. ఒక షోరూంలో ఏడాదిన్నర చేశాను, పింఛను ఆపమని చెప్పలేదు. తనిఖీల సమయంలో ఎవరో రాశారు, నోటీసు వచ్చింది. డబ్బు సంగతి అటుంచు. నాకు నిజంగానే వైకల్యం ఉంది, 58 శాతం. అయినా ఊళ్ళో "దొంగ సర్టిఫికెట్ అంట" అని ప్రచారం అయింది. మా చెల్లి పెళ్ళి మాటల్లో కూడా ఆ ప్రస్తావన వచ్చింది. ఆ మచ్చ పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో. బాబూ, ఆ పని మాత్రం చేయకు.

కొల్లేటి_కొంగ
సారీ అన్నా. ఇంత అవుతుందనుకోలేదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

అమ్మ_అన్నపూర్ణ
కొంచెం పక్క విషయం అడగొచ్చా? మా అబ్బాయికి 24, మేధోవైకల్యం. మావారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, రిటైరయ్యారు. మా ఇద్దరి తర్వాత అబ్బాయికి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుందని చెప్పారు. ఇప్పుడు వాడికి ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఎనిమిది వేలకు పని ఇస్తామంటున్నారు. సంపాదిస్తున్నాడని రేపు ఆ పెన్షన్ ఇవ్వరేమోనని పంపట్లేదు. వాడేమో రోజూ పొద్దున్నే టిఫిన్ బాక్స్ పట్టుకుని గుమ్మంలో కూర్చుంటున్నాడు.

పెన్షన్ల_రామారావు
అమ్మా, ముందు అబ్బాయిని పనికి పంపండి. పాత రూలులో ఆదాయం 9,000, దాని మీద కరువు భత్యం దాటితే ఇచ్చేవారు కాదు. 2021 ఫిబ్రవరిలో మార్చారు. ఇప్పుడు వైకల్యం ఉన్న బిడ్డకు వేరే ఆదాయం, తనకు రావాల్సిన మామూలు ఫ్యామిలీ పెన్షన్ కన్నా తక్కువ ఉంటే చాలు. ఆ పెన్షన్ అంటే మీవారి చివరి జీతంలో 30 శాతం, దాని మీద కరువు భత్యం. చివరి జీతం 60,000 అనుకోండి, 18,000 మీద కరువు భత్యం అవుతుంది. ఎనిమిది వేలు దాని దరిదాపుల్లో లేదు.
ఒక్క పని మాత్రం ఇప్పుడే చేయండి. మీరిద్దరూ ఉండగానే అబ్బాయి పేరు, వైకల్య సర్టిఫికెట్ మీవారి పెన్షన్ కాగితాల్లో ఎక్కించండి. తర్వాత చేద్దామనుకున్న ఇళ్ళల్లో పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగడం చాలా చూశాను.

అమ్మ_అన్నపూర్ణ
మీకు ఎలా చెప్పాలో తెలీట్లేదు అన్నయ్య గారూ. సోమవారం పంపిస్తాను వాణ్ణి.

జీతాల_జ్యోతి
బాబు గారికి హెచ్‌ఆర్ వైపు నుంచి. మిమ్మల్ని పేరోల్‌లో తీసుకుంటున్నారా, లేక కన్సల్టెంట్ అని రాస్తున్నారా? ఇది ముందు అడగండి. కన్సల్టెంట్ అంటే పీఎఫ్ ఉండదు, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉండదు, పైగా టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసే అవకాశం ఉంది. పేరోల్ అయితే ఈఎస్‌ఐ వస్తుంది. మామూలు ఉద్యోగికి జీతం 21,000 వరకే ఈఎస్‌ఐ, వైకల్యం ఉన్నవాళ్ళకి 25,000 వరకు. మీ నుంచి కోసేది 0.75 శాతం, అంటే మీ జీతానికి నెలకు వంద చిల్లర. మీకూ, మీ మీద ఆధారపడితే అమ్మకీ వైద్యం. ఆ లెక్క మాస్టారు గారి లెక్కలో లేదు.

లెక్కల_మాస్టారు
కలిపేశాను. పీఎఫ్ కూడా కలిపాను. ఇప్పుడు ఉద్యోగం వైపే మొగ్గుతోంది.

గ్రూపు2_గీత
ప్రభుత్వ ఉద్యోగాల్లో 2016 చట్టం ప్రకారం మనకి 4 శాతం రిజర్వేషన్ ఉంది, అంతకుముందు 3 శాతమే. బీకాం ఉంది కదా, బిల్లింగ్ చేస్తూనే సాయంత్రం చదువుకో. నేను అలాగే చదువుతున్నాను. రైల్లో రానుపోను రెండు గంటలు, అదే నా లైబ్రరీ.

వార్డు_వనజ
బాబూ, చేరే ఉద్దేశం ఉంటే ఒక మాట. చేరకముందే పింఛను వద్దని రాసివ్వకు. చేరాక పది రోజులకి వాళ్ళే వద్దంటే రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు. మొదటి జీతం అకౌంట్‌లో పడ్డాక మీ సచివాలయంలో రాసిచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకో. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు), పింఛను ఐడీ నంబరు, ఆ నకలు అన్నీ ఒక ఫైల్లో పెట్టు. ఎప్పుడైనా ఉద్యోగం మానేస్తే రిలీవింగ్ లెటర్ అడిగి తీసుకుని అదే ఫైల్లో పెట్టు. మళ్ళీ దరఖాస్తు పెట్టిన రోజున, ఉద్యోగం ఉన్నప్పుడు నిజం చెప్పాను, ఇప్పుడూ నిజమే చెప్తున్నాను అనడానికి నీ చేతిలో కాగితం ఉంటుంది.

తెనాలి_బాబు
అందరివీ రెండేసి సార్లు చదివాను. నిన్న ఆసుపత్రికి వెళ్ళి జ్యోతి గారు చెప్పినట్టు అడిగాను. పేరోల్‌లోనే, పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ ఉన్నాయి. కూర్చునే కౌంటర్ రెండో అంతస్తులో అన్నారు, లిఫ్ట్ ఒక్కోసారి పేషెంట్లకే పనిచేస్తుందట. కింద ఓపీ కౌంటర్‌లో ఇవ్వమని అడిగాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు. ఇలా అడగొచ్చని కూడా నాకు ఇంతకుముందు తెలీదు.
ప్రసాదు అన్న రాసింది అమ్మకి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి మిషన్ మీద నా పాత ప్యాంటు ఉంది, ఎడమ కాలు కొలత తగ్గించి కుడుతోంది. ఒకటో తారీఖు నుంచి చేరుతున్నాను.

పోలియో_ప్రసాదు
సంతోషం తమ్ముడూ. మొదటి రోజు అయ్యాక ఇక్కడ రాయి, చూస్తూ ఉంటాను.

సైడువీల్_సుజాత
ఆసుపత్రి నేల అంటే నున్నటి టైల్స్, రోజుకి మూడుసార్లు తడిగుడ్డ పెడతారు. కర్ర కింద రబ్బరు బుష్ అరిగి ఉంటే ఇవాళే మార్చు. నేను అలాగే ఒకసారి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను.

తెనాలి_బాబు
అరిగే ఉంది అక్కా. నా కర్ర ముప్పావు అంగుళం గొట్టం. ఏది తీసుకోను?

సైడువీల్_సుజాత
19 ఎంఎం అని అడుగు. అడుగున వెడల్పుగా, గాడులు లోతుగా ఉన్నది తీసుకో. రెండు కొను, ఒకటి బ్యాగులో ఉండనీ.